తోకబండి చప్పుడు

జనవరి ఆఖర్లో, పొద్దున పదింటికి, జిమల్‌గట్ట దగ్గర తారు రోడ్డు దిగి మట్టిబాట పట్టాం. అక్కడి నుంచి మా జవాన్ల పోస్టు అడవి లోపలికి పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ బాటలో జీపు నడవదు, లారీ నడవదు. దారి లేక కాదు. నాలుగు చక్రాల బండి కింద నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలితే లోపల ఎంతమంది ఉంటే అంతమందీ పోతారు. అందుకని కాలినడక, లేదంటే మోటారు సైకిలు. నన్ను తీసుకెళ్ళడానికి నాలుగు బండ్లు వచ్చాయి. ఛాతీ మీద తూటాలాపే జాకెట్టు, వీపు మీద సామాను సంచి, ఒళ్ళో తుపాకీ పెట్టుకుని మూడో బండి వెనక ఎక్కాను. పోస్టు చేరేసరికి నా మీసాలు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము.

"ఇంటికి దగ్గర డ్యూటీ పడింది, అదృష్టవంతుడివి" అన్నారు తెలిసినవాళ్ళందరూ. మాది సిరొంచ. ప్రాణహిత ఒడ్డున మా వరిమడి. పోస్టు నుంచి మా ఇంటికి డెబ్బై కిలోమీటర్లకు మించి ఉండదు. దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండలు దగ్గరివే కాబట్టి నాకు ఆ భ్రమ కూడా లేదు.

పోస్టంటే మట్టిబస్తాల గోడ, దాని చుట్టూ మూడు వరసల ముళ్ళతీగ, రెండు రేకుల షెడ్లు, ఒక చేతిపంపు, కరెంటుకు నాలుగు సోలారు పలకలు. చుట్టూ కొంతమేర చెట్లు కొట్టేశారు. ఆ తర్వాత టేకు, మోదుగ, వెదురు. పగలు చూస్తే మామూలు అడవే. అయినా అక్కడికి వచ్చినవాడెవడూ మొదటి వారం అడవికి వీపు పెట్టి కూర్చోడు.

మా సెక్షన్ కమాండరును అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. మంచిర్యాల దిక్కు మనిషి, యాభైకి దగ్గరపడ్డవాడు. ఈ అడవిలో ఇది మూడో డ్యూటీ ఆయనకు. పల్లెల్లో మాట్లాడటానికి పనికొస్తామని ఈ ప్రాంతపు భాషలు వచ్చినవాళ్ళను ఏరి ఆయన కింద వేశారు. పేర్లతో పిలిచే అలవాటు లేదు, ఊళ్ళతోనే పిలుపు. నేను సిరొంచ. వైర్‌లెస్ సెట్టు మోసేవాడు ముల్చేర. ఆఖరి బండి నడిపేవాడు ఆష్టి.

"సిరొంచోనివా? అయితే ఈత వస్తది నీకు" అన్నాడు ఉస్తాద్ నన్ను చూసి. "ఈడ దానితోని పనిలేదు. ఈడ మునిగేది దుమ్ముల. పో, చాయ్ తాగు."

ఆ సాయంత్రమే బండ్ల పద్ధతి చెప్పాడు. నాలుగు బండ్లు. బండికీ బండికీ మధ్య వంద గజాలు, ఒక పేలుడుకు రెండు బండ్లు దొరకకుండా. ముందు ఉస్తాద్. మూడో బండి నాది, నా వెనక ముల్చేర. ఆఖరున తోకబండి. ప్రతి మలుపు దగ్గరా ముందు మూడు బండ్లు ఆగి ఇంజన్లు ఆపుతాయి. తోకబండి మనిషి సెట్టు బటన్ రెండుసార్లు నొక్కుతాడు. టిక్, టిక్. అంటే వెనక నేనున్నాను అని. ఆ రెండు టిక్కులు వినపడితేనే ముందుబండి కదలాలి. వినపడకపోతే అందరూ దిగాలి.

"అద్దంల సూస్తే సాలదా ఉస్తాద్?" అని అడిగాను.

"అద్దంల దుమ్ము తప్ప నీకేం కనవడది. రేపు సూస్తవు గద."

మర్నాడు చూశాను. ఆయన చెప్పినట్టే ఉంది.

ఇప్పుడు ఆష్టి గురించి చెప్పాలి. పొడుగు మనిషి, గట్టిగా నవ్వేవాడు. వాళ్ళ తాత కూలికని వచ్చి వైన్‌గంగ ఒడ్డున ఆ ఊళ్ళో స్థిరపడ్డాడట. సెంటు భూమి లేని ఇల్లు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక టీచరు, ఒక నర్సు, ఒక జవాను. బండి పని బాగా తెలిసినవాడు కాబట్టి ఆఖరున పెట్టారు. ముందు ఏ బండి మొరాయించినా వెనకనుంచి వచ్చి సరిచేస్తాడని. కానీ ఆఖరున రావడమంటే ముందు మూడు బండ్లు లేపిన దుమ్మంతా మింగడం. మనిషి మూతికి గుడ్డ కట్టుకుంటాడు. బండికి ఉన్నది సీటు కింద పెట్టెలో ఒక కాగితపు ఫిల్టరు, అంతే. తిరిగొచ్చాక తీసి నేలకు తట్టేవాడు. పిడికెడు ఎర్రమట్టి రాలేది. రెండు రోజులకు మళ్ళీ అంతే.

మార్చి నెలలో ఒకరోజు ఘాటు, అంటే కొండబాట, ఎక్కుతుండగా ఆ ఫిల్టరు పూర్తిగా మూసుకుపోయింది. బండి దగ్గి దగ్గి ఆగింది. రెండు మలుపుల మధ్య ఆగింది కాబట్టి పై మలుపు చేరి టిక్కుల కోసం ఆగేదాకా మాకు తెలియలేదు. సెట్లో పిలిస్తే కొండ అడ్డమై అందలేదు. మేం దిగి, బాట అంచున నడిచి, వెనక్కి చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆష్టి బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తుపాకీ అడవివైపు పెట్టి ఉన్నాడు. అతని వెనక కూర్చోవలసిన జవాను మలేరియా జ్వరంతో పోస్టులో ఉండిపోయాడు ఆరోజు. ఒక్కడే.

రాత్రి అన్నం దగ్గర నాతో అన్నాడు. "బండి ఆగినందుకు భయం గాలె సిరొంచ. మీ బండ్ల సప్పుడు తగ్గుకుంట, తగ్గుకుంట, కొండెనుక వోయింది సూడు. గదానికి పానం జల్లుమన్నది. ఇగ మల్ల ఎన్నడు ఒక్కన్నే ఆగిపోను. ఏదన్న జేస్త."

ఆ నెలాఖర్లో సెలవు మీద ఇంటికి పోయి, వచ్చేటప్పుడు చంద్రపూర్ నుంచి ఒక ఫిల్టరు తెచ్చాడు. కంపెనీది కాదు, బయట అమ్మేది. గరాటులా ఉంటుంది, ఎర్ర గుడ్డ పొరలు, చుట్టూ సన్నటి తీగ వల, కడిగి నూనె పూసి మళ్ళీ వాడుకోవచ్చు. పాత పెట్టెలో అది పట్టదు. ఆష్టి పెట్టెను హెక్సా బ్లేడుతో కోసేసి ఫిల్టరును బయటికే బిగించాడు. సర్కారు బండికి అలా చేయకూడదు. ఉస్తాద్ చూసి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"కంపెనోడు పిచ్చోడా? లక్ష బండ్లు జేసెటోనికి తెల్వంది నీకు తెల్సిందా?"

"కంపెనోడు మన తోక పొంటి వచ్చి సూసిండా ఉస్తాద్? రోడ్డు మీద నడిపి సూసిండు. గా కాయితపుది ఊపిరి ఆడనిస్తలేదు. గిది గుంజుకుంటది సూడుర్రి."

"దుమ్ము గుడ గుంజుకుంటదేమో."

"గుంజుకుంటె గుంజుకోని. ఆగది గద."

ఉస్తాద్ తన బండి వైపు పోయాడు. ఇరవై నిమిషాలు ఒంటరిగా నిలబడ్డవాడితో వాదించడం ఎవరికైనా కష్టమే.

బండి మారింది, అబద్ధమెందుకు? ఘాటు మీద రెండో గేరులోనే ఎక్కేది, మునుపటిలా మొదటికి దిగేది కాదు. చప్పుడు కూడా మారింది. సైలెన్సరు చప్పుడు కాదది. లోపలికి పీల్చే చప్పుడు. పెట్టెలో ఉన్నప్పుడు అణిగి ఉండేది, ఇప్పుడు నోరు తెరుచుకుంది. త్రాటిల్ తిప్పితే పెద్ద మనిషి నిద్రలో గుర్రుపెట్టినట్టు ఒక లోతైన గుర్రు. అడవిలో ఎంత దూరానికో పోయేది. దుమ్ములో అద్దం చూపించలేనిదాన్ని మాకు ఆ గుర్రు చెప్పేది. వెనక ఆష్టి ఉన్నాడు, వస్తున్నాడు.

నాకు ఆ చప్పుడంటే ప్రాణం. దాచుకోవడమెందుకు? మలుపు దగ్గర ఆగి ఇంజను ఆపగానే దుమ్ములోంచి అది వినపడితే, ఇంట్లో పక్కగదిలో పెద్దవాళ్ళు మసలుతున్నంత ధైర్యంగా ఉండేది.

అలా ఉండగా ఒకరోజు మలుపులో టిక్కులు ఇంకా రాకముందే ఉస్తాద్ కిక్కు కొట్టాడు. "గుర్రు వినవడ్తనే ఉన్నది గద, ఇగ టిక్కులెందుకు?" అన్నాడు. సెట్టు బ్యాటరీలతో మాకు ఎప్పుడూ పరేషానే. నాలుగు పలకల మీద పోస్టంతా బతకాలి. టిక్కులు మానేస్తే ఎంతోకొంత మిగులుతుందని ముల్చేర కూడా సంతోషించాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఎవరూ కాదనలేదు. టిక్కులు ఆగిపోయాయి.

ఏప్రిల్ వచ్చింది. ఇప్పపూలు రాలే కాలం. మేం పోతుంటే చెట్ల కింద పూలేరే ఆడవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు కాదు, ముందే చూపు తిప్పుకుని ఉండేవాళ్ళు. ఒక పల్లెలో చాయ్ కొట్టతను మా మొదటి బండి ఆగకముందే గ్లాసులు వరసగా పెట్టి ఉంచాడు. సరిగ్గా ఏడు. ఆరోజు కూడా తోకబండి మీద ఆష్టి ఒక్కడే.

"ఏడుగురమని నీకెట్ల తెల్సు?" అన్నాడు ఉస్తాద్.

"తోకబండి అల్కగ ఎక్కింది సార్" అన్నాడతను పాలు పోస్తూ. "ఇద్దరుంటె గుర్రు బరువుగ ఉంటది. వాగు దాటంగనే మాకు వినస్తది."

ముల్చేర నవ్వాడు. ఆష్టి ఇంకా గట్టిగా నవ్వాడు. నాకు చాయ్ రుచించలేదు.

ఆ పక్క వారం, ఘాటు కింద ఉన్న గోండు పల్లెలో చేతిపంపు దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాం. బండ్లు ఊరి బయట పెట్టి నడిచి వెళ్ళాం కాబట్టి మమ్మల్ని ఎవరూ గమనించలేదు. పల్లె వెనక ఖాళీ జాగాలో పిల్లలు ఆడుకుంటున్నారు. నలుగురు, ఒకరి వెనక ఒకరు, మధ్యలో బాగా ఎడం వదిలి నడుస్తున్నారు. చేతులు ముందుకు చాచి హ్యాండిల్ పట్టుకున్నట్టు. ఆఖరివాడు గొంతులోంచి గుర్రుమంటున్నాడు. ముందువాడు ఆగాడు. చెవికి చెయ్యి ఆనించాడు. విన్నాడు. తలూపాడు. మళ్ళీ నడిచాడు. ఇంకో నాలుగు అడుగులకు మళ్ళీ ఆగి, చెవికి చెయ్యి, తలూపడం.

అది ఉస్తాద్. అచ్చం ఉస్తాద్ తలూపినట్టే ఊపాడు. మేం ఆగే ఘాటు మలుపులు పల్లెకు కనిపించవు. అక్కడ మమ్మల్ని ఎవరో దగ్గర కూర్చుని చూస్తే తప్ప ఆ తలూపడం ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళు ఇక్కడికి వచ్చి చెప్పి ఉండాలి, చేసి చూపించి ఉండాలి, నవ్వుకుని ఉండాలి. పిల్లలు మమ్మల్ని చూశారు. గుర్రు ఆగిపోయింది. ఒక్కడూ పరిగెత్తలేదు, అలాగే నిలబడి మేం పోయేదాకా చూశారు.

పోస్టుకు వచ్చాక ఉస్తాద్‌కు చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆష్టిని పిలిచాడు.

"తీసెయ్ దాన్ని."

"ఉస్తాద్, పాత పెట్టె కోసిన. కాయితపుది ఇగ దేంట్ల వెట్టాలె?"

"స్టోర్సుకు రాస్త. కొత్త పెట్టె వచ్చినంక ఎక్కియ్. అందాక టిక్కులు మల్ల షురూ జేయుర్రి. గుర్రు ఇనవడ్డా సరే, టిక్కులు గావాలె."

"తునికాకు మోపులు లేసెదాక ఉండనియ్యి ఉస్తాద్. దుమ్ము గప్పుడే ఎక్కువ. మల్ల ఘాటు మీద ఆగితె..."

టిక్కులు మళ్ళీ మొదలయ్యాయి. కొన్ని రోజులు అందరం శ్రద్ధగా ఉన్నాం. కానీ చెవి దారి చెవిదే. టిక్కులకంటే ముందే గుర్రు వినిపించేది, వినగానే చెయ్యి దానంతటదే తాళంచెవి తిప్పేది. ఒక మలుపులో టిక్కులు కాస్త ఆలస్యమయ్యాయి, కదిలిపోయాం. ఇంకో మలుపులో రాలేదు, కదిలిపోయాం. మే నెల వచ్చేసరికి ఉస్తాద్ ఆజ్ఞ అలాగే ఉంది, పాటించేవాడు లేడు. ఉస్తాద్ కూడా.

మే నెల మధ్యలో ఆరోజు ఉదయం ఆరింటికి బయలుదేరాం. బీడీల తునికాకు ఆరబెట్టే కల్లాల దాకా పోయి రావడం పని. ఎనిమిదింటికే ఎండ చురచురలాడుతోంది. మనిషికి రెండు సీసాల నీళ్ళు, శనగలు, బెల్లం. తోకబండి రెండో జవానుకు మళ్ళీ జ్వరం. ఆష్టి ఒక్కడే. వాగు ఎండిపోయి ఉంది, ఇసుకలో బండ్లు నెట్టుకుంటూ దాటించాం. అవతలి ఒడ్డున ఆష్టి మూతికి గుడ్డ కట్టుకుంటూ నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. తర్వాత ఘాటు.

మొదటి మలుపు. ఆగాం. గుర్రు వినిపించింది. ఉస్తాద్ తలూపాడు. కదిలాం.

రెండో మలుపు. ఆగాం. గుర్రు వినిపించింది. ఉస్తాద్ తలూపి కిక్కు మీద కాలు పెట్టాడు. నాకు ఏదో తేడా కొట్టింది. ఏమిటో వెంటనే చెప్పలేకపోయాను. ఘాటు ఎక్కే బండి చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది, గేరు మారితే తెగి అతుక్కుంటుంది. ఇది ఒకటే గీతలా ఉంది. దగ్గరికి రావడం లేదు. దూరం పోవడం లేదు.

"ముల్చేర, ఆ సప్పుడు ఎక్కుతలేదు" అన్నాను.

ముల్చేర సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "తోకా, తోకా. ఇను. టిక్కియ్."

ఏమీ రాలేదు.

"ఆష్టీ. వినస్తుందా? ఒక్కపాలి టిక్కియ్యరా."

గుర్రు అలాగే ఉంది.

ఉస్తాద్ చేత్తో సైగ చేశాడు. దిగాం. బాట మీద నడవకూడదు, బాట అంచున చెట్ల మధ్యనుంచి, మనిషికీ మనిషికీ ఎడం వదిలి కిందికి. పరిగెత్తాలని ఉంది. పరిగెత్తకూడదు, ప్రతి అడుగూ చూసి వేయాలి. ఆ నడక ఎంతసేపు పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. నడిచినంతసేపూ ఆ చప్పుడు ముందునుంచి మమ్మల్ని పిలుస్తూనే ఉంది.

బాట నడుమ, ఎండలో, బండి పెద్ద స్టాండు మీద నిలబెట్టి ఉంది. తిన్నగా, ఎవరో శ్రద్ధగా పెట్టినట్టు. త్రాటిల్ తిప్పి మోదుగ నారతో గట్టిగా కట్టేశారు. వెనక చక్రం గాల్లో తిరుగుతోంది. సీటు మీద మనిషి లేడు. కొంచెం వెనక, రెండు చెట్ల మధ్య, బాటకు అడ్డంగా అదే నారతో పేనిన తాడు దుమ్ములో పడి ఉంది. మూడో బండి దాటాక, అంటే నేను దాటాక, దాన్ని ఛాతీ ఎత్తుకు లాగారు. బండిని లేపి, నిలబెట్టి, మళ్ళీ గుర్రు పెట్టించడానికి వాళ్ళకు కావలసినంత సమయం మేమే ఇచ్చాం. రెండు మలుపుల మధ్య మా ఇంజన్ల మోతలో మాకేమీ వినపడదని వాళ్ళకు తెలుసు. మలుపులో మేం దేనికోసం చెవి పెడతామో కూడా తెలుసు.

నేను బండి వైపు ఒక అడుగు వేశాను. ఉస్తాద్ నా జాకెట్టు వెనకనుంచి పట్టి లాగాడు.

"ముట్టకు. దాని కింద ఏం వెట్టిన్రో."

నిజమే. అలాంటి బండిని ముట్టుకున్నవాళ్ళ సంగతులు మేమంతా విన్నవే. బాంబులు తీసేవాళ్ళు రావాలి. వాళ్ళు అహేరి నుంచి రావాలి, అదీ తారు రోడ్డు దిగాక కాలినడకన. ఇద్దరు దుమ్ములో పడిన రక్తపు చుక్కల వెంట అడవిలోకి కొంతదూరం వెళ్ళి వచ్చారు. రాళ్ళ నేల మీద జాడ తప్పింది. అంతకంటే లోపలికి ఆరుగురితో పోవడం చావడమే. ముల్చేర చెట్టెక్కి పోస్టుకు కబురందించాడు. మేం చెట్ల వెనక పడుకుని కాపలా కాశాం.

బండి నడుస్తూనే ఉంది. కల్లాల దాకా పోయి రావడానికని పొద్దున టాంకు నింపుకున్నాం. నిలబడ్డచోటే తిరుగుతున్న వెనక చక్రం సన్నటి దుమ్ము లేపుతోంది. ఆ దుమ్ము చుట్టూ తిరిగి సీటు కిందికి, ఆ ఎర్ర ఫిల్టరు మూతికి పోతోంది. నేను చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి గుర్రులో గరగర మొదలైంది. తర్వాత సన్నగా లోహం అరిచే చప్పుడు. ఒకడు చెవులు మూసుకున్నాడు. దాన్ని కాల్చేద్దాం ఉస్తాద్ అని ఇంకొకడు ఏడుపు గొంతుతో అన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఆయన కళ్ళు కూడా నీళ్ళతో ఉన్నాయి, దుమ్మని అనుకోమన్నట్టు తుడుచుకున్నాడు. మధ్యాహ్నం రెండు దాటాక బండి రెండు కుదుపులు ఇచ్చి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం వచ్చాక నాకు మొదటిసారి అనిపించింది, ఆష్టి లేడని.

బాంబు లేదు. వచ్చినవాళ్ళు గంటసేపు వెతికి తేల్చారు. నార తప్ప ఏమీ లేదు. బండిని పోస్టుకు మోసుకొచ్చి ఇంజను విప్పితే సిలిండరు గోడల నిండా గీతలు. ఆరోజువి కొన్ని, అంతకుముందు నెల రోజులవి కొన్ని. ఉస్తాద్ చెప్పినట్టే అది గాలితో పాటు దుమ్మునూ గుంజుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు. నేను ఆ సామెత ఆరోజు పైకి అనలేదు. ఎవరూ అనలేదు.

వెతుకులాటలు జరిగాయి. చాలా బలగం వచ్చింది, పోయింది. ఏమీ దొరకలేదు. అప్పుడు ఉస్తాద్ ఒక పని చేశాడు. తుపాకీ పోస్టులో పెట్టి, జాకెట్టు విప్పి, నన్నొక్కడినే వెంట తీసుకుని ఘాటు కింది పల్లెకు నడిచాడు. పిల్లలు ఆడిన పల్లె. ఊరి పెద్ద ఇంటి ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ ముసలాయన గోండీలో మాట్లాడితే ఆయన కోడలు తెలుగులో చెప్పింది.

"మా పిలగాడు" అన్నాడు ఉస్తాద్. "మీకేం చెడు జేయలె వాడు. మీకు తెల్సిన దారులు మాకు తెల్వయి. ఎవలనన్న అడుగుర్రి. అంతకంటె ఏం అడుగ."

ముసలాయన ఒకటే అడిగాడు. కోడలు నేల చూస్తూ చెప్పింది: "ఆయన గుర్రుబండాయనేనా అంటున్నడు."

అవునన్నాం.

ఆ పల్లె నుంచి ముసలాయన, నలుగురు ఆడవాళ్ళు అడవిలోకి వెళ్ళారని తర్వాత విన్నాం. ఎవరితో ఏం మాట్లాడారో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. వారం దాటాక ఒక పొద్దున ఆష్టి జిమల్‌గట్ట రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుచుకుంటూ వచ్చాడు. కాలర్ ఎముక విరిగింది, పెదవులు పగిలాయి. బతికే ఉన్నాడు. ముల్చేర వాణ్ణి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అహేరి ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆష్టి పైకప్పు చూస్తూ అడిగాడు.

"బండి ఎంతసేపు నడిసింది?"

"రెండు దాటెదాక."

"నేనా పక్కనే ఉన్న సిరొంచ. అంత దూరం గుడ లేదు. పైన బండల సందుల, నోట్లె గుడ్డ గుక్కి పండవెట్టిన్రు. మీరు పొద్దుమీకి పోయిన్రు సూడు, అందాక అక్కడ్నే ఉన్న. మీరు దిగచ్చుడు కనవడ్డది. నా బండి ఇనవడ్తనే ఉన్నది. మీరందరు దాన్నే సూస్కుంట పండుకున్నరు." ఊపిరి తీసుకున్నాడు. "గది నడిసినంతసేపు మీరు తలకాయ నాదిక్కు తిప్పరని నాకు ఎరుకైంది. ఆగిపొమ్మని దేవుణ్ణి మొక్కిన. నేనే వెట్టిన గదా, ఆగకుంట."

వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వాడి చెయ్యి చల్లగా ఉంది.

వానలు పడ్డాయి. దుమ్ము అణిగింది. కొత్త పెట్టె స్టోర్సు నుంచి వచ్చింది, ఎక్కించడానికి ఆ బండే లేదు. ప్రతి మలుపులో రెండు టిక్కులు ఇచ్చాం, పుచ్చుకున్నాం, నా డ్యూటీ ముగిసేదాకా ఒక్కటి తప్పలేదు. ఇంటికి వచ్చేరోజు ఉస్తాద్ జిమల్‌గట్ట దాకా దిగబెట్టి, "పో కొడుకా, ఇగ ఈత గొట్టుకో" అన్నాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సిరొంచ దాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాను. వెనక వచ్చే బండ్ల మీద మనుషులున్నారా అని.

ఉద్యోగం మానేసి ఇప్పుడు వరి చేస్తున్నాను. బండి పని తెలిసినవాడినని కుర్రాళ్ళు అడుగుతారు, బయటి ఫిల్టరు వేయించుకోవచ్చా అని. ఉన్న కాగితపుదాన్ని వారానికోసారి దులుపుకో, నల్లబడితే కొత్తది వేసుకో, దుమ్ములో ఒకరి వెనక తగిలి పోకు అంటాను. బండి కాస్త ఎక్కువ లాగుతుంది, నిజమే. ఆ లాగుడు ఎక్కడినుంచి వస్తుందో ఇంజను విప్పినరోజు తెలుస్తుంది. మా ఊళ్ళో కొందరు వింటారు, కొందరు వినరు. ఫోను చేసినప్పుడు ఆష్టి మాత్రం అడగడు. వాడిప్పుడు ఎక్కడికైనా నడిచే పోతాడు.

వినని కుర్రాళ్ళ బండ్లు మా వీధిలోంచి పోతుంటాయి. కొన్నిసార్లు ఇంటి ముందు ఆపి, త్రాటిల్ తిప్పి గుర్రు పెట్టిస్తారు. నేను లోపల అన్నం తింటున్నా సరే, ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. కళ్ళ ముందు ఎండలో ఖాళీ సీటు, నార కట్టిన త్రాటిల్, ఎర్ర దుమ్ము పీల్చుకుంటున్న ఆ మూతి. లేచి చూడటానికి కాళ్ళు రావు.

"బండి మీద మనిషున్నడా, సూడు జర" అనేవాణ్ణి మొదట్లో నా భార్యతో. ఆమెకు అర్థమయ్యేది కాదు, విసుక్కునేది. ఇప్పుడు నేను అడగనక్కర్లేదు. గుర్రు వినపడగానే చేతిలో పని వదిలి తలుపు దాకా పోతుంది. బయటికి చూస్తుంది. నా వైపు తిరగకుండానే చెబుతుంది.

"ఉన్నడు. మనిషున్నడు. నువ్వు తిను."